ఎడమ అంచు

పాత మగ్గాల వాడ, తలావ్ కట్ట,
సోలాపూర్.
జనవరి 18

రుషికేశ్‌కు,

చిరంజీవి అని రాయడానికి చెయ్యి రాలేదు. నీకు జాబు రాయనని అమ్మ ఫొటో ముందు ఒట్టు పెట్టుకున్నాను. ఐదు నెలలు ఆ ఒట్టు మీదే ఉన్నాను. నిన్న వకీలు నమ్రత మేడం ఇంటికొచ్చింది. "మీ తమ్మునికి వాడ సంగతులు ఏం తెలుస్తలేవట అక్కా. వాచనాలయం బోర్డు మీద నువ్వేం రాస్తున్నవో గదన్న రాసి పంపుమన్నడు" అంది. వాడ వార్తల బోర్డు అందరిదీ. అది నీకు రాస్తే ఒట్టు తప్పినట్టు కాదులే అని కూర్చున్నాను.

ఈ ఆదివారం బోర్డు ఇది. తలావ్ చెరువు చుట్టూ నడక బాటకు కార్పొరేషన్ మంజూరు ఇచ్చింది. కట్ట మీది పద్నాలుగు మగ్గాల షెడ్లు ఖాళీ చేయాలి, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో రాసివ్వాలి. శుక్రవారం విడీ ఘర్కుల్ బీడీ కార్మికుల కాలనీలో ఉచిత కంటి పరీక్షలు. మార్కండేయ రథం కమిటీకి ఈ ఏడు పెద్ద మీ బావ రాజారాం.

ఇక బోర్డు మీద రాయలేనిది. రాఖీ పున్నమి నాడు నువ్వేం చేశావో నీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం రోజూ గుర్తొస్తుంది. వాన పడుతోంది. రథం వెనక బండి మీద మగ్గం. రథం కదిలింది మొదలు గుడికి తిరిగి చేరేదాకా అటూ ఇటూ పోగు లాగే నాడె ఆగకుండా స్వామికి బట్ట నేయాలి కదా, తడవకుండా బండికి నాలుగు వైపులా తాడ్‌పత్రి కట్టారు. లోపల నువ్వూ బావా, ఒకరు అలిసిపోతే ఒకరు. కొంతం చౌక్ దాటి తలావ్ రోడ్డుకు వచ్చేసరికి తలావ్ పనుల కాంట్రాక్టర్ మనుషులు అడ్డంగా పైపులు కట్టి నిలబడ్డారు. వాళ్లకు ముందు విడీ ఘర్కుల్ తుషార్. "ఇకడూన్ నాహీ జాయ్‌చ" అన్నాడు. ఏటా పోయే దారిలో పోవద్దంటే మనవాళ్లు ఊరుకుంటారా. కర్రలు లేచాయి. నేను మా పిల్ల శ్రుతి చెయ్యి పట్టుకుని బండికి వంద అడుగుల వెనక ఉన్నాను. ఇంత గొడవలోనూ తాడ్‌పత్రి లోపల మగ్గం చప్పుడు ఆగలేదు.

జనం విడిపోయాక చూస్తే తుషార్ బురదలో బోర్లా పడి ఉన్నాడు. తల వెనక పగిలి, చెవిలోంచి నెత్తురు కారి వాన నీళ్లలో కలుస్తోంది. పక్కన నువ్వు. నేసిన బట్ట చుట్టుకునే దోనె వెనక్కి తిరగకుండా గుచ్చే ఇనుప కడ్డీ నీ చేతిలో ఉంది. "నేనే కొట్టిన" అన్నావు. పొద్దున నేను కట్టిన రాఖీ కూడా ఆ చేతికే ఉంది.

చిన్నప్పటి నుంచీ నీ కోపం నీకంటే ముందు నడుస్తుంది. అయినా మనిషి తల పగలగొట్టేంత కోపమా. వాడు ఇప్పటికీ ఆస్పత్రిలో కళ్లు తెరవలేదు. వాళ్లమ్మ పార్వతీబాయి బీడీల చాట పక్కన పెట్టి మంచం దగ్గరే కూర్చుంటోంది. నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులివి, ఇప్పుడు చూసుకుంటే సిగ్గేస్తోంది.

అక్షరాలు వంకర పోయాయి. కుక్కర్ ఆవిరి మణికట్టుకు కొట్టింది.

శారద

*

జైలు, నాలుగో బ్యారక్.
ఫిబ్రవరి 4

శారదక్కకు,

ఒట్టు సంగతి నేను అమ్మతో మాట్లాడుకుంటానులే, నువ్వు దిగులు పడకు. నీ జాబు ఏడుసార్లు చదివాను. ఇక్కడ జాబులు చూసేవాళ్లలో తెలుగు వచ్చినవాడు ఒక్కడూ లేడు. కవరు విప్పి, కాగితం తిప్పి చూసి, ముద్ర కొట్టి ఇచ్చేస్తారు. అందుకని ఎన్ని తిట్లు కావాలంటే అన్ని రాసుకో.

బ్యారక్‌లో నలభై మందికి చోటు, తొంభై ఎనిమిది మందిమి ఉన్నాం. మొన్న బకెట్ కోసం ఇద్దరు కొట్టుకుంటే ఒకడు ఇంకొకడి చెవి కొరికేశాడు. ఊడిన ముక్క కోసం అందరం పక్కలు దులిపి వెతికాం. నవ్వొచ్చే సంగతి కాదు గానీ, వెతుకుతుంటే నవ్వొచ్చింది. నేను స్నానాల దగ్గర జారి పడ్డాను. ముందు పళ్లు రెండు పోయాయి. ఇప్పుడు నన్ను చూస్తే శ్రుతి ముసలి మామ అంటుంది.

బోర్డు రాస్తూ ఉండు. షెడ్ల సంగతి ఏమైందో చెప్పు. బావ షెడ్డు కూడా ఆ పద్నాలుగింటిలో ఉంది కదా. బావ మీద విసుక్కోకు, శ్రుతి చదువు ఆపకు. ఈ రెండూ నా మాటగా ఉంచుకో.

ఇంకొకటి. పోయినేటి రథం బట్ట సిద్ధరాములు తాత పెట్టెలోనే ఉందా? పండగ పొద్దున ఎప్పటిలాగే దాన్ని ముక్కలు చేసి మగ్గానికో ముక్క కట్టేస్తారు కదా. ఈసారి ఆలస్యం చేయొద్దని తాతకు చెప్పు.

నీ తిట్లకు తగినవాడే,
రుషి

*

తలావ్ కట్ట, సోలాపూర్.
మార్చి 22

రుషీ,

తుషార్ మంగళవారం పొద్దున పోయాడు.

ఆ మాట రాశాక కాసేపు లేచి తిరిగి వచ్చాను. మిగతాది వరసగా రాస్తాను, నువ్వూ వరసగానే చదువు.

సోమవారం షెడ్లు కూల్చారు. అభ్యంతరాలు పదమూడు మంది రాసిచ్చారు, విచారణ ఏప్రిల్‌లో అని బోర్డు మీద నేనే రాశాను. విచారణ దాకా ఎవరు ఆగుతారు. కాంట్రాక్టర్ జేసీబీ తెచ్చాడు, దాని వెనక కర్రలతో ముప్పై మంది. పడుగు కట్టిన మగ్గాలు కట్టినట్టే విరిగిపోయాయి. రామచంద్రం తన మగ్గం బీము కింద కాలు పెట్టి అడ్డం పడితే ఆ కాలి మీదే కొట్టారు. స్వామి బట్ట పెట్టె లోపల ఉందని సిద్ధరాములు తాత షెడ్డులోకి ఉరికాడు. రేకు కూలి మోచెయ్యి పైన రెండు చోట్ల విరిగింది. పెట్టెను మాత్రం వదల్లేదు. డెబ్బై ఆరేళ్ల మనిషిని ఈడ్చి పక్కన పడేశారు, ముఖమంతా సున్నం, నెత్తురు. నేను చూస్తూ నిలబడ్డాను. నాకూ వీపు మీద రెండు పడ్డాయి.

మర్నాడు తుషార్ కబురు వచ్చింది. మధ్యాహ్నానికి వాళ్ల వాళ్లు మన గల్లీలోకి వచ్చారు. ఇంటి తలుపు గొడ్డలితో కొట్టారు. నీ బట్టల పెట్టె వీధిలో వేసి కాల్చారు. శ్రుతి బియ్యం డ్రమ్ము వెనక కూర్చుంది. మీ బావ కమిటీ పెద్ద కదా, అటక ఎక్కి నిచ్చెన పైకి లాక్కున్నాడు. వాళ్లు వెళ్లాక పార్వతీబాయి ఒక్కతే గడపలోకి వచ్చింది. "మాఝా తుషార్ పరత్ దే" అంది. నా తుషార్‌ను తిరిగి ఇయ్యి అని అడుగుతోంది, అప్పు పట్టుకుపోయిన గిన్నె అడిగినట్టు మెల్లగా.  చెంప మీద కొట్టింది. ఇంకో చెంప కూడా కొట్టింది. నేను కదల్లేదు. ఆమె కొట్టిన ఆ రెండు దెబ్బలూ నీవి రుషీ, నేను తిన్నాను.

ఇక నీ మీద కేసు హత్య కేసు అయిందని నమ్రత మేడం చెప్పింది. యావజ్జీవం పడొచ్చట. అది విని మీ బావ బయటికి పోయి వాంతి చేసుకున్నాడు. మూడు రోజులు అన్నం ముట్టలేదు. తమ్ముడివి నాకు గానీ, బాధ ఆయన పడుతున్నాడు.

ఇంతకంటే రాయలేను. మెట్ల మీద పడి కుడి చెయ్యి బెణికింది, ఎడమ చేత్తో పట్టుకుని రాస్తున్నాను.

శారదక్క

*

జైలు.
ఏప్రిల్ 6

అక్కా,

తుషార్ పోయిన సంగతి నీ జాబుకు ముందే తెలిసింది. వాడి దోస్తులు ఇద్దరు రెండో బ్యారక్‌లో ఉన్నారు. కబురు వచ్చిన రోజు అన్నాల వరసలో స్పూన్ అరగదీసి చేసిన దానితో పొడిచారు. పక్కటెముకల మీద పద్దెనిమిది కుట్లు. లోపలికి దిగలేదు. ఫిబ్రవరిలో పళ్లు రాలిందీ వాళ్ల చేతిలోనే, జారి పడి కాదు. నీకు అబద్ధం రాశాను.

నేనే చంపాను. జడ్జి అడిగినా అదే చెప్తాను. నువ్వు పార్వతీబాయి కాళ్లు పట్టుకోవద్దు, ఆమెకు ఎదురు పడొద్దు.

నేను అబద్ధం ఒప్పుకున్నాను కాబట్టి నువ్వూ ఒకటి ఒప్పుకో. మెట్ల మీద పడ్డానని రాశావు. మనింట్లో మెట్లు ఎక్కడున్నాయి అక్కా? ఉన్నది అటకకు నిచ్చెన ఒక్కటే. జనవరిలో కుక్కర్ ఆవిరి అన్నావు. నువ్వు కుక్కరే వాడవు, దాని విజిల్‌కు భయపడి ఏనాడో అమ్మకిచ్చేశావు.

రుషి

*

తలావ్ కట్ట, సోలాపూర్.
జూన్ 20

చిరంజీవి రుషికేశ్‌కు,

రెండున్నర నెలలు జవాబు రాయలేదు. ఏం రాయాలో తెలియక. ఇప్పుడు తెలిసింది. ఈ జాబు ఎవరూ చదవలేరన్నావు కాబట్టి అన్నీ రాస్తున్నాను.

సిద్ధరాములు తాత చెయ్యి అతకలేదు. పెట్టె పెట్టుకోవడానికి షెడ్డూ లేదు. అందుకని బట్టను నాకిచ్చాడు. "పండుగకు ముందుగాల ఎండకేసి మడత పెట్టాలె బిడ్డా. ఎవ్వలి చేతుల పెట్టకు" అన్నాడు. పోయిన గురువారం వాన తెరిపి ఇస్తే పెరట్లో తాడు మీద పరిచాను. బట్టను ఊరికే చూసే కళ్లు మనకు నాన్న ఇవ్వలేదు కదా. ముక్క చేతికి ఇచ్చి, ఇది ఎవరు నేసిందో చెప్పు అనేవాడు. చెప్పకపోతే అన్నం పెట్టనిచ్చేవాడు కాదు.

మొదట్నుంచి చూశాను. బండి ఆగిన ప్రతిచోటా పసుపు పోగు, కదిలినప్పుడు ఇంకో పసుపు పోగు. నేసే చెయ్యి మారినప్పుడు ఎర్ర పోగు. కొంతం చౌక్‌లో హారతికి ఆగిన రెండు పసుపు పోగులూ కనిపించాయి. అక్కడే ఎర్ర పోగు వేసి నువ్వు కూర్చున్నావు. నీ చెయ్యి నాకు తెలియనిదా. పవర్‌లూమ్ బెల్టులో ఎడమ బొటనవేలి కొస పోయిన దగ్గర్నుంచి నాడె పట్టి లాగడంలో నీకు పట్టు చాలదు, ఎడమ అంచు వదులుగా వస్తుంది. మీ బావది అలా కాదు. ఆయన దెబ్బ బలం, బట్ట అట్టలా ఉంటుంది.

తలావ్ రోడ్డులో పైపుల దగ్గర బండి ఆగిన పసుపు పోగు ఉంది. దాని తర్వాత జానెడు బట్ట ఉల్లిపొర అంత పలచన. అంటే కడ్డీ లేదు. దోనె వదులైంది. కడ్డీ అప్పుడు తుషార్ తల మీద ఉంది. ఆ పలచటి జానెడుకు ఎడమ అంచు వదులుగా ఉంది రుషీ. మొదటి నుంచి చివరి దాకా. తర్వాత ఎర్ర పోగు. ఆ తర్వాత బట్ట అట్ట.

నువ్వు పోలీసులకు ఏం చెప్పావు? బండి ఆగగానే కడ్డీ లాక్కుని దిగాను, బావ మగ్గం మీద కూర్చున్నాడు అని చెప్పావు. రామచంద్రం కూడా బావ నేస్తుంటే విన్నానన్నాడు. చప్పుడు విన్నాడు, మనిషిని ఎవరు చూశారు. బట్ట చూసింది.  

ఇక నా అబద్ధాలు. కుక్కర్ లేదు, మెట్లు లేవు. రథం పండగ అయిన వారానికి మీ బావ కొట్టడం మొదలుపెట్టాడు. అంతకు ముందు పదిహేనేళ్లలో ఒక్క దెబ్బ కొట్టని మనిషి. ఎవరైనా తుషార్ పేరెత్తిన రోజు నాకు దెబ్బలే. జనవరిలో మణికట్టు మీద ఇస్త్రీ పెట్టె పెట్టాడు. మార్చిలో చెయ్యి మెలితిప్పాడు. మే నెలలో కడుపులో తన్నితే నాలుగు రోజులు నెత్తురు పడింది. నువ్వు చేసిన పనికి ఆయన తల వంచుకుని తిరగాల్సి వస్తోందని, ఆ బాధతో కొడుతున్నాడని అనుకున్నాను. నీ వల్ల అని సహించాను. నిన్ను తిట్టుకుంటూ దెబ్బలు తిన్నాను.

బట్ట ఎండేసిన రాత్రే "బట్ట ఏడున్నది?" అని అడిగాడు. తాత దగ్గరే ఉందన్నాను. జుట్టు పట్టుకుని గోడకు కొట్టాడు. బట్ట బియ్యం డ్రమ్ములో ఉంది.

పండగ ఆగస్టులో. ఆ పొద్దున బట్ట మీద మొదటి కత్తెర వేసేది కమిటీ పెద్ద. అంటే ఆయనే. ఏడు వారాలుంది. నిజం నీ చేత్తో రాసి పంపు.

అక్క

*

జైలు.
జూలై 3

అక్కా,

నీ జాబు చదివి గోడను గుద్దాను. చేతి వేళ్లు రెండు విరిగాయి, ఇది ఎడమ చేతి రాత. బయట ఉండి ఉంటే ఆ కడ్డీని నిజంగానే ఎత్తేవాణ్ణి. మూడు దెబ్బలతో ఆపేవాణ్ణి కాదు.

అడిగావు కాబట్టి రాస్తాను. బండి ఆగింది, పసుపు పోగు వేశాను. బయట తుషార్ గొంతు వినిపించింది. "రాజారాం, లోపల దాక్కున్నవా, వచ్చే నెల నీ మగ్గం ఈ తలావ్‌ల తేలుతది" అన్నాడు. బావ వంగి కడ్డీ లాగాడు. బట్ట వదులై నా ఒళ్లోకి జారింది. నేను మోకాలితో దోనెను అదిమి పట్టి నేస్తూనే ఉన్నాను.

నా తప్పు అదే అక్కా. నాడె వదిలేసి బావ చెయ్యి పట్టుకుని ఉంటే తుషార్ బతికేవాడు. స్వామి బట్ట ఆగకూడదని కూర్చున్నాను. తాడ్‌పత్రికి అటు వైపు మూడు దెబ్బలు పడ్డాయి. నా నాడె అటూ ఇటూ పోతూ ఉంటే మధ్య మధ్యలో విన్నాను. మొదటిది విన్నాక ఆపొచ్చు. రెండోది విన్నాక కూడా ఆపొచ్చు.

బావ లోపలికి వచ్చాడు. చొక్కా మీద ఏమీ లేదు, కడ్డీ చివర వెంట్రుకలున్నాయి. "నేను పోతే శ్రుతి ఆగమైతది రుషీ" అన్నాడు.  నాకు పెళ్లాం లేదు, పిల్లల్లేరు. కడ్డీ నేను తీసుకున్నాను. ఆయన బండిలో ఉన్న ఇంకో కడ్డీ గుచ్చి, ఎర్ర పోగు వేసి కూర్చున్నాడు.

నీ ఇల్లు నిలబెట్టాననుకున్నాను. పది నెలలు ప్రతి దెబ్బకూ ఆ మాటే చెప్పుకున్నాను. నేను నిలబెట్టిన ఇంట్లో నిన్ను గోడకేసి కొడుతున్నాడని ఇప్పుడు తెలిసింది.

అయినా అడుగుతున్నాను. బట్టను కోయనీ. నువ్వు శ్రుతిని తీసుకుని హోట్గి రోడ్డులో చంద్రభాగ చిన్నమ్మ ఇంటికి వెళ్లిపో. హంతకుడి కూతురు అనే పేరు శ్రుతికి వద్దు. నేను ఇక్కడికి అలవాటు పడ్డాను. నేను ఆపని నాడెకు నాకు శిక్ష పడటం తప్పు కాదు.

రుషి

*

తలావ్ కట్ట, సోలాపూర్.
రాఖీ పున్నమి మర్నాడు

చిరంజీవి రుషికేశ్‌కు శారదక్క వేయి దీవెనలతో రాసేది,

నీ మాట వినలేదు. శ్రుతిని తీసుకుని చిన్నమ్మ ఇంటికి వెళ్లిన మాట నిజమే, కానీ బట్టను కూడా తీసుకెళ్లాను.

పండగకు ముందు రోజు విడీ ఘర్కుల్‌కు వెళ్లి పార్వతీబాయి ముందు కూర్చున్నాను. ఆమె ఆకు కత్తిరిస్తూ తలెత్తలేదు. నీ కొడుకును కొట్టింది నా తమ్ముడు కాదు, నా మొగుడు అని చెప్పాను. కత్తెర ఆగింది. నమ్మిందో లేదో తెలియలేదు. రేపు పొద్దున వాచనాలయం దగ్గరికి రమ్మని చెప్పి వచ్చేశాను. నమ్రత మేడానికీ చెప్పాను. ఆమె పోలీసు స్టేషన్‌కు కాగితం పెట్టి ఇద్దరు కానిస్టేబుళ్లను అడిగింది. వాళ్లు వచ్చారు గానీ, రావాల్సిన సమయానికి కాదు.

నిన్న పొద్దున వాచనాలయం ముందు రథం సిద్ధంగా ఉంది. మంచం మీద తెల్ల దుప్పటి పరిచారు. మీ బావ పట్టు ధోతి కట్టి కత్తెరకు కుంకుమ పెట్టాడు. వాడంతా అక్కడే ఉంది. నేను బట్ట పట్టుకుని వెళ్లాను. "ఇయ్యి" అన్నాడు. "ఇయ్య" అన్నాను. అందరి ముందు చెంప పగలగొట్టాడు. ఇన్నాళ్లూ తలుపు వేసి కొట్టిన చెయ్యి మొదటిసారి జనం ముందు లేచింది. నాకు ఆశ్చర్యంగా ధైర్యం వచ్చింది. మంచం మీద బట్ట పరిచేశాను.

"తాతా, జర చదువు" అన్నాను.

సిద్ధరాములు తాత కళ్లద్దాలు పెట్టుకుని బాగున్న ఒక్క చేత్తో తడుముతూ వచ్చాడు. కొంతం చౌక్ దాటాడు, పైపుల దగ్గర పసుపు పోగు మీద వేలు ఆపాడు. "ఈడ బండి ఆగింది" అన్నాడు. వేలు జరిగింది. "ఈడ కడ్డీ లేదు. కడ్డీ లేని బట్ట ఇది." ఎడమ అంచు దగ్గరికి వచ్చి వంగాడు.  "రామచంద్రం, నువ్వు రా. పోలీసులకు చెప్పినవ్ గద. ఇది ఎవలి చెయ్యి?"

రామచంద్రం కుంటుతూ వచ్చి చూశాడు. ఆయన ముఖం నేను మర్చిపోలేను. "రుషిది" అన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి అంచు ముట్టుకున్నారు. నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్నవాళ్లు రుషీ. ఒక్కరూ వేరే పేరు చెప్పలేదు.

మీ బావ కత్తెర ఎత్తి బట్ట మీదికి ఉరికాడు. నేను దాని మీద పడుకున్నాను. కత్తెర నా ఎడమ అరచేతిలోంచి దిగి మంచం పట్టెకు తగిలింది. దాన్ని పీకి మళ్లీ ఎత్తాడు. అప్పుడు వాడంతా ఆయన మీద పడింది. కర్రలు, చెప్పులు, రథం తాళ్లు, ఎవరి చేతికి ఏది దొరికితే అది. దవడ ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పట్టు ధోతి బురదలో ఉంది. ఇంకో నాలుగు దెబ్బలు పడితే చచ్చేవాడు. నేను ఆపమనలేదు. నిజం రాస్తున్నాను, నాకు ఆపాలనిపించలేదు.

ఆపింది పార్వతీబాయి. ఎప్పుడు వచ్చిందో. జనాన్ని తోసుకుని వచ్చి ఆయన మీద వంగి అడ్డంగా నిలబడింది. "మారూ నకా" అంది. కొట్టొద్దని చెప్పి, మనందరికీ తెలియాలని తెలుగులో కూడా అంది: "వీడు చావద్దు. కోర్టుల నా కొడుకు పేరు వీని నోటి నుంచి రావాలె." ఎత్తిన కర్రలు దిగిపోయాయి. అప్పుడొచ్చారు కానిస్టేబుళ్లు.

బట్టను కాగితంలో చుట్టి, ముద్ర వేసి తీసుకెళ్లారు. తాత, రామచంద్రం, ఇంకో ఆరుగురు వాంగ్మూలం ఇచ్చారు. మీ బావ ఆస్పత్రిలో పోలీసు కాపలాలో ఉన్నాడు. దవడకు తీగలు కట్టారు, మాట్లాడటానికి నెల పడుతుందట.

ఈ ఏడు మగ్గాలకు పాత బట్ట ముక్కలు కట్టలేదు. అయినా రథం కదలాలి కదా. బండి మీద ఎవరు కూర్చుంటారని తాత అడిగితే ఎవరూ ముందుకు రాలేదు. చేతికి ఏడు కుట్లు వేయించుకుని వచ్చి నేనే ఎక్కాను. ఆడది ఎక్కడమేంటని ఇద్దరు గొణిగారు. తాత వాళ్ల వైపు చూశాడు, అంతే. ఎర్ర పోగు వేసి మొదలుపెట్టాను. కుట్లు వేసిన చేత్తో నాడె సరిగ్గా అందలేదు. నా ఎడమ అంచు కూడా నీలాగే వదులుగా వచ్చింది.

తలావ్ రోడ్డులో, తుషార్ పడిన చోట, నాడె ఆపాను. బండి ఆగింది, మగ్గమూ ఆగింది. నాకు తెలిసి రథం బట్ట మధ్యలో ఆగడం ఇదే మొదలు. దిగి, ఆ మట్టి మీద కాస్త పసుపు వేసి, నిలబడ్డాను.  మళ్లీ ఎక్కి నేశాను. ఆ ఆగిన గీత బట్టలో ఉండిపోతుంది, ఉండనీ. ఆపకూడదనే కదా నువ్వు కూర్చున్నావు. నీ తప్పు నీది కాదని నేను చెప్పను, చెప్పినా నువ్వు నమ్మవు. ఇకమీదట మగ్గం ఆపొచ్చని మాత్రం వాడకు తెలిసింది.

శ్రుతికి నీ జూలై జాబు ఇచ్చాను. పదిహేనేళ్ల పిల్ల, దాయడం అయిపోయింది. రెండుసార్లు చదివి మడత పెట్టింది. "నాకు నాన్న కావాలని మామకు ఎవలు చెప్పిన్రు? నన్నొక్కసారి అడిగిండా?" అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. హంతకుడి కూతురని ఎవరైనా అంటే ఏం చేస్తావని అడిగాను. అననీ, అది నిజమే కదా అంది.

రాఖీ కొన్నాను, పంపడం లేదు. వచ్చి కట్టించుకో.

నా ఎడమ చెయ్యి కట్టులో ఉంది, బోర్డు పట్టుకుని రాయలేను కాబట్టి ఈ వారం శ్రుతి రాసింది. చూసి రమ్మని నన్ను పంపింది. ఏప్రిల్ నుంచి వాయిదా పడుతున్న తలావ్ నడక బాట విచారణ సోమవారం. విడీ ఘర్కుల్‌లో కళ్లద్దాలు బుధవారం పంచుతారు. దాని కింద, చాక్‌పీస్ అరిగిపోయేలా పెద్ద అక్షరాలతో: "ఇరవై ఆరో తారీఖు, పొద్దున పదకొండు గంటలకు, కోర్టులో రుషికేశ్ బెయిల్ అర్జీ. మగ్గం తెలిసినవాళ్లందరూ రావాలి."

శారదక్క